రాజీనామా కాగితంలో ముందు చూడాల్సింది తేదీ

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో మెకానికల్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. వయసు 38. 2017 నవంబరు 20న చేరాను. ఏటా జూన్‌లో కొత్త ఆర్డరు ఇస్తుంటారు. అడ్మిషన్లు తగ్గాయంటూ మా విభాగంలో కొందరిని ఈ ఏప్రిల్ (2026) 30 తేదీతో రాజీనామా చేయమన్నారు. ఆర్డరులో నెల రోజుల నోటీసు అని ఉంది. జీతం 68,000, అందులో బేసిక్, డీఏ కలిపి 34,000. ఇంటి రుణం ఇంకా 22 లక్షలు, వడ్డీ 8.25 శాతం, ఈఎంఐ 24,500. ఇద్దరు పిల్లలు. నా భార్య ట్యూషన్లు చెప్పి నెలకు 12,000 సంపాదిస్తుంది. ఎఫ్‌డీ 1.8 లక్షలు, పీఎఫ్ దాదాపు 3.4 లక్షలు ఉన్నాయి. నెలకు 10,000 చొప్పున 50 నెలల చిట్టీలో 30 కట్టాను, ఇంకా పాడలేదు. సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 5,000. పీఎఫ్ మొత్తం తీసి ఇంటి రుణంలో కట్టేయమని బంధువులు అంటున్నారు. టీచర్లకు గ్రాట్యుటీ రాదని హెచ్‌ఆర్‌లో చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: పీఎఫ్ తీసి ఇంటి రుణంలో కట్టకండి. రుణం మూడు లక్షలు తగ్గినా వచ్చే నెల ఈఎంఐ ఆగదు. చేతిలో డబ్బు మాత్రం పోతుంది. జీతం లేని రోజుల్లో అప్పు ఎంత మిగిలిందనే దానికంటే, ఇంట్లో ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందనేది ముఖ్యం. అయితే ఈ వారం మీరు తేల్చుకోవాల్సింది అంతకంటే ముందున్న విషయం. ఆ రాజీనామా కాగితంలో ఏ తేదీ ఉంటుంది, ఏ మాటలు ఉంటాయి?

ఏప్రిల్ 30 అని ఎందుకు అడుగుతారంటే, మే నెల సెలవుల జీతం యాజమాన్యానికి మిగులుతుంది. మీకు పోయేది ఆ ఒక్క జీతమే కాదు. ఏప్రిల్ 30 నాటికి మీ సర్వీసు 8 ఏళ్ల 5 నెలల 10 రోజులు. గ్రాట్యుటీ (సర్వీసును బట్టి ఉద్యోగం వదిలేటప్పుడు సంస్థ ఇచ్చే మొత్తం) లెక్కలో ఆఖరి ఏడాది ఆరు నెలలు దాటితేనే పూర్తి ఏడాదిగా తీసుకుంటారు. దాటకపోతే ఆ నెలలు లెక్కలోకి రావు. అంటే మీకు 8 ఏళ్లకే లెక్క కడతారు. 34,000ను 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి 19,615 రూపాయలు. ఎనిమిదేళ్లకు 1,56,923. అదే మే 31న రిలీవ్ అయితే సర్వీసు 8 ఏళ్ల 6 నెలల 11 రోజులు అవుతుంది. తొమ్మిదేళ్ల లెక్కన 1,76,538 వస్తుంది. ఒక్క నెల తేడాకు మే జీతం 68,000, గ్రాట్యుటీలో 19,615, కలిపి దాదాపు 88 వేలు.

మీ ఆర్డరులో ఉన్న నెల నోటీసే ఇక్కడ మీకు అండ. 'నోటీసుకు బదులు నెల జీతం ఇస్తాం, ఏప్రిల్ 30నే రిలీవ్ చేస్తాం' అంటే వెంటనే ఒప్పుకోకండి. ఆ డబ్బు చేతికొచ్చినా సర్వీసు పెరగదు. నోటీసు కాలమంతా రోల్స్‌లో ఉంచి, మే 31 తేదీతో రిలీవింగ్ ఆర్డరు ఇవ్వమని అడగండి. ఇక 'తక్షణమే అమల్లోకి వచ్చేలా, వ్యక్తిగత కారణాల వల్ల' అని వాళ్లే టైపు చేసి తెచ్చిన రాజీనామా మీద సంతకం అసలు వద్దు. దాంతో నోటీసు ఇవ్వకుండా వెళ్లింది మీరే అవుతారు. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో నెల జీతం కోసుకునే వీలు కూడా వాళ్లకు దొరుకుతుంది. రాజీనామా ఇవ్వక తప్పదనుకుంటే మీ మాటల్లోనే రాయండి: 'ఫలానా తేదీ సమావేశంలో విభాగంలో సిబ్బందిని తగ్గిస్తున్నట్లు యాజమాన్యం తెలియజేసి, రాజీనామా కోరినందున, నియామక ఉత్తర్వులోని నోటీసు కాలం పూర్తయ్యే మే 31తో విధుల నుంచి వైదొలగుతున్నాను.' దాన్ని మీ సొంత మెయిల్ ఐడీకి కాపీ పెడుతూ రిజిస్ట్రార్‌కు పంపండి. మీటింగ్‌లో నోటిమాటగా చెప్పినవి ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి పెట్టుకోండి. మీరు చెప్పేదానికి రేపు ఆధారం అదే.

టీచర్లకు గ్రాట్యుటీ లేదన్న మాట తప్పు. 2009లో గ్రాట్యుటీ చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా ఉపాధ్యాయులను అందులో చేర్చారు. ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది. అయిదేళ్లు నిండాక మీరు రాజీనామా చేసినా, వాళ్లు తీసేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే. పైగా బేసిక్, డీఏ కలిపి మొత్తం జీతంలో సగం కంటే తక్కువ చూపించే సంస్థల్లో, కొత్త కోడ్ ప్రకారం కనీసం సగాన్ని వేతనంగా తీసుకుని లెక్క కట్టాలి. మీకు సరిగ్గా సగం ఉంది కాబట్టి ఆ తేడా రాదు. అలవెన్సులు ఎక్కువగా ఉన్న మీ సహోద్యోగులు మాత్రం పే స్లిప్పు ఒకసారి చూసుకోవాలి.

ఏటా జూన్‌లో ఇచ్చే కొత్త ఆర్డర్లు చూపించి, 'మీది ఏడాది కాంట్రాక్టు, సర్వీసు కలవదు' అనే అవకాశం ఉంది. దానికి మీ దగ్గర ఉండాల్సిన సాక్ష్యం పీఎఫ్ పాస్‌బుక్. 2017 చివరి నుంచి ఇప్పటిదాకా ఒకే సంస్థ ఐడీ మీద నెల తప్పకుండా జమ పడి ఉంటే, మధ్యలో విరామం ఉందనడం కష్టం. సభ్యుల పోర్టల్ నుంచి అన్ని సంవత్సరాల పాస్‌బుక్కులూ ఈరోజే డౌన్‌లోడ్ చేసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడిన పేజీలు కూడా తీసి పెట్టుకోండి.

సిబ్బంది తగ్గింపు పరిహారం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది ఆశ పెట్టుకుని దెబ్బతింటున్నారు. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున ఇచ్చే ఈ పరిహారం కార్మిక చట్టం కిందిది. ఉపాధ్యాయులు ఆ చట్టంలోని 'వర్క్‌మన్' (కార్మికుడు) కిందికి రారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. కాబట్టి మీకు నియామక ఉత్తర్వు, విశ్వవిద్యాలయ సర్వీసు నిబంధనలే ఆధారం. మీతో పాటు వెళ్తున్న ల్యాబ్ టెక్నీషియన్లు, ఆఫీసు గుమాస్తాలు, లైబ్రరీ సహాయకుల సంగతి వేరు. వాళ్లు ఈ పరిహారం అడగవచ్చు. అదే వాళ్లు రాజీనామా చేస్తే ఆ వాదన బలం పోతుంది. దయచేసి వాళ్లకు ఈ మాట చెప్పండి. సంతకం పెట్టే ముందు కార్మిక చట్టాలు చూసే వకీలును ఒక్కసారి కలిసినా వాళ్లకు మేలు.

ఇక రోల్స్‌లో ఉండగానే చేయాల్సిన మూడు పనులున్నాయి. రిలీవ్ అయ్యాక ఇవే పనులు ఎంతో కష్టమవుతాయి.

మొదటిది బ్యాంకు. ఇప్పటి లెక్కన మీ రుణానికి ఇంకా 140 నెలలు పడుతుంది. దాన్ని 240 నెలలకు పెంచమని ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఈఎంఐ 24,500 నుంచి దాదాపు 18,750కి దిగుతుంది. బ్యాంకు మీ జీతం స్లిప్పులు చూస్తుంది కాబట్టే ఈ తొందర. చివరిదాకా అలాగే కడితే వడ్డీ పది లక్షలకు పైగా ఎక్కువవుతుంది. అందుకే కొత్త ఉద్యోగంలో మొదటి జీతం రాగానే ఈఎంఐని మళ్లీ 24,500కు పెంచమని రాసివ్వండి. ఈఎంఐ బౌన్స్ అయ్యాక వెళ్లి అడిగితే బ్యాంకు ఇంత సులువుగా వినదు. సిబిల్ స్కోరు కూడా అప్పటికే పడిపోయి ఉంటుంది.

రెండోది ఆరోగ్య బీమా. విశ్వవిద్యాలయం ఇచ్చిన గ్రూపు పాలసీ సాధారణంగా మీ చివరి పని దినంతోనే ఆగిపోతుంది. సొంత పాలసీ తీసుకుంటే ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిం ఉండదు. అంటే మే 1 దాటకుండా 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ కలిపి ఒకే పాలసీ) తీసుకోవాలి. బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే, అదే బీమా కంపెనీలో గ్రూపు నుంచి వ్యక్తిగత పాలసీకి మారడం మేలు. గ్రూపులో గడిచిన కాలాన్ని వెయిటింగ్ పీరియడ్‌లో (ముందే ఉన్న జబ్బులకు క్లెయిం రాని కాలంలో) కలుపుకోవచ్చు. దానికి గ్రూపు పాలసీ నంబరు, మీ కుటుంబం ఏ తేదీ నుంచి కవర్ అయ్యిందో తెలిపే పత్రం హెచ్‌ఆర్ నుంచి తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో ఉన్న జబ్బు ఒక్కటి దాచినా క్లెయిం తిరస్కరించే ప్రమాదం ఉంది. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. కోట్‌లో పన్ను కలిపి చూపిస్తే అడగండి.

మూడోది టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బొచ్చే జీవిత బీమా. మీరు దాని గురించి రాయలేదు. ఉంటే మంచిదే. లేకపోతే ఇప్పుడే తీసుకోవాలి. పీఎఫ్‌తో పాటు ఉచితంగా వచ్చే ఈడీఎల్‌ఐ బీమా, గరిష్ఠంగా 7 లక్షలది, ఉద్యోగంతోనే పోతుంది. 22 లక్షల అప్పు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ ఉండాలి. బీమా కంపెనీ ఆదాయ రుజువు అడుగుతుంది. జీతం స్లిప్పులు చూపించగలిగే కాలం మీకు ఇదే.

ఇప్పుడు నెలల లెక్క. మీ ఉత్తరంలో ఇంటి ఖర్చు రాయలేదు కాబట్టి తిండి, కరెంటు, పెట్రోలు కలిపి 20,000, స్కూలు ఫీజులు 7,000, బీమాలకు 3,000 అనుకుందాం. తగ్గించిన ఈఎంఐ 18,750, చిట్టీ 10,000 కలిపితే 58,750. మీ భార్య సంపాదించే 12,000 పోతే 46,750 కావాలి. ఎఫ్‌డీ, గ్రాట్యుటీ కలిపి 3.56 లక్షలు. అంటే ఏడున్నర నెలలు. మే జీతం వస్తే జూన్ నుంచి లెక్క మొదలై జనవరి మధ్య దాకా నిలబడగలరు. సిప్ ఆపేయండి, కానీ ఇప్పటికే ఉన్న యూనిట్లు అమ్మకండి. అవీ, పీఎఫ్‌ కూడా జనవరి తర్వాతి అవసరాలకు. క్రెడిట్ కార్డు మినిమం డ్యూ కట్టుకుంటూ నెట్టుకొద్దామనుకోకండి. దాని మీద వడ్డీ ఏడాదికి 36 నుంచి 42 శాతం.

చిట్టీ విషయంలో తొందరపడి పాడేయాలని అనిపిస్తుంది. పాడితే చేతికొచ్చేది అప్పే. మిగిలిన 20 నెలలూ నెలనెలా 10,000 కట్టాలి. పైగా పాట తగ్గింపు (ముందే తీసుకున్నందుకు వదులుకునే మొత్తం) పోతుంది, జమానతుదారులు కావాలి. చిట్టీ కంపెనీలు అడిగే జమానతు దాదాపు ఎప్పుడూ జీతగాళ్లదే, మీకు దొరికేదీ మీ సహోద్యోగులే. వాళ్లలో కొందరి ఉద్యోగాలకూ ఇదే గతి పట్టింది. కాబట్టి పాడకుండా కట్టుకుంటూ వెళ్లండి. అక్టోబరుకల్లా ఉద్యోగం రాకపోతే, అప్పటికి పాట తగ్గింపు కూడా కొంత దిగుతుంది కాబట్టి అప్పుడు ఆలోచించవచ్చు. మరో దారి కూడా ఉంది. పాడని సభ్యుడు ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవారు) అనుమతితో తన చిట్టీని వేరొకరికి బదిలీ చేయవచ్చు.

పీఎఫ్ ముట్టకుండా ఉంటే 8 శాతానికి పైన వడ్డీ వస్తుంది. అయిదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి తీసినా పన్ను పడదు. కానీ ఆఖరి అస్త్రంగానే ఉంచండి. 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ బోర్డు తీసుకున్న నిర్ణయం ప్రకారం, ఉద్యోగం పోతే వెంటనే తీసుకోగలిగేది 75 శాతం. మిగిలిన 25 శాతం ఏడాది నిరుద్యోగం తర్వాతే. పెన్షన్ భాగం జోలికి అసలు పోకండి. ఎనిమిదేళ్లు దాటిన మీకు, పెన్షన్ అర్హతకు కావాల్సిన పదేళ్లకు ఇంకో ఏడాదిన్నరే ఉంది. తీసేస్తే లక్షకు పైన చేతికి వస్తుంది గానీ సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇంకొకటి, రిలీవ్ అయ్యాక మీ ఖాతాలో నిష్క్రమణ తేదీని యాజమాన్యం నమోదు చేయాలి. చేయకపోతే చివరి జమ పడిన నెల నుంచి రెండు నెలలు గడిచాక పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. ఆ తేదీ రిలీవింగ్ ఆర్డరులోని తేదీతో కలవాలి. లేకపోతే కొత్త సంస్థకు బదిలీ చేసేటప్పుడు క్లెయిం తిరిగొస్తుంది.

మన దగ్గర ప్రైవేటు కాలేజీల్లో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం పాత అలవాటు. మీవి అక్కడ ఉంటే, మొదట అడగాల్సింది అవే. వాటిని పట్టుకుని కూర్చునే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. ఎంటెక్, పీహెచ్‌డీ పట్టాలు చేతికొచ్చేదాకా నో డ్యూస్ (బాకీలేవీ లేవన్న పత్రం) మీద గానీ, 'నాకు రావాల్సినవన్నీ ముట్టాయి' అన్న కాగితం మీద గానీ సంతకం చేయకండి. సర్వీసు సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, హోదా, పే స్కేలు ఉన్నాయో లేదో చూడండి. మరో కాలేజీలో జేఎన్‌టీయూ ర్యాటిఫికేషన్‌కు (అధ్యాపకుడిగా ఆ విశ్వవిద్యాలయ ఆమోదానికి) వెళ్లినప్పుడు అడిగేవి అవే.

గ్రాట్యుటీకి రిలీవ్ అయిన 30 రోజుల్లో దరఖాస్తు రాసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. నేరుగా ఇస్తే కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రావాల్సిన మొత్తం 30 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ కలిపి ఇవ్వాలి. అప్పటికీ కదలిక లేకపోతే మీ ప్రాంత కార్మిక శాఖ కార్యాలయంలో గ్రాట్యుటీ వ్యవహారాలు చూసే అధికారి ముందు ఫిర్యాదు వేయవచ్చు. దానికి వకీలు తప్పనిసరి కాదు. నియామక ఉత్తర్వులు, ఆఖరి పే స్లిప్పు, పీఎఫ్ పాస్‌బుక్, రిలీవింగ్ ఆర్డరు, దరఖాస్తు పంపిన రసీదు, ఈ అయిదింటినీ ఒకే ఫైలులో పెట్టుకుని వెళ్లండి.