36 లక్షల లోన్‌కు సగటు లెక్క సరిపోతుందా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా ఇద్దరి జీతాలు కలిపి చేతికి నెలకు 78,000 వస్తాయి. అత్తగారింట్లోనే ఉంటున్నాం కాబట్టి అద్దె లేదు. ఇంటి ఖర్చు సగటున 36,000. ఒక్కో నెల 7,000 అటూ ఇటూ అవుతుంది. చిట్టీకి 5,000, పాప సుకన్య ఖాతాకు 3,000, బీమాకు 3,000 పోతాయి. 2.5 లక్షల చిట్టీ ఇంకా పాడలేదు, పది నెలల్లో అయిపోతుంది. ఎఫ్‌డీల్లో 12 లక్షలు ఉన్నాయి. 45 లక్షల ఫ్లాట్ చూశాం. బ్యాంకు 20 ఏళ్లకు 8.5 శాతం ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ మీద 36 లక్షలు ఇస్తానంటోంది. ఈఎంఐ 31,248. నెలకు 31,000 మిగులుతోంది కదా, సర్దుకోవచ్చా?

జవాబు: ఇప్పుడు అంత లోన్ తీసుకోకండి. మీ కూడికలు, తీసివేతల్లో తప్పు లేదు. కానీ మీరు వేసింది 'ఇంత = అంత' అనే లెక్క. ఇంటి లోన్‌కు వేయాల్సింది 'ఇంతకు మించకూడదు' అనే లెక్క, అంటే అసమీకరణం. అది కూడా సగటు దగ్గర కాదు, అంచు దగ్గర.

మీరు చెప్పిన 'అటూ ఇటూ' అనే మాటను లెక్కల భాషలో రాస్తే ఇలా ఉంటుంది: |ఖర్చు − 36,000| ≤ 7,000. అంటే ఖర్చు 29,000 నుంచి 43,000 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. జూన్‌లో స్కూల్ ఫీజులు, దసరాకు బట్టలు, ఇవన్నీ పై అంచుకే పోతాయి. అయినా ఇది నన్ను పెద్దగా భయపెట్టదు. ఒక నెల పెరిగింది ఇంకో నెల తగ్గుతుంది. చేతిలో 2 లక్షలు విడిగా ఉంటే ఆ ఎగుడుదిగుడు అదే సర్దుకుంటుంది.

నా టెన్షన్ అంతా వడ్డీ గురించే. అది పెరిగితే వచ్చే నెలకే దిగిరాదు, ఏళ్ల తరబడి అక్కడే ఉండొచ్చు. 2022 మేలో 4 శాతం ఉన్న రెపో రేటును (బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద రిజర్వు బ్యాంకు వేసే వడ్డీ, ఫ్లోటింగ్ లోన్ల వడ్డీ దీన్ని బట్టే మారుతుంది) రిజర్వు బ్యాంకు 2023 ఫిబ్రవరి నాటికి 6.5కు తీసుకెళ్లింది. పది నెలలు కూడా పట్టలేదు. కాబట్టి |వడ్డీ − 8.5| ≤ 2.5 అనుకుని, 11 శాతం దగ్గర లెక్క చూద్దాం.

లక్ష రూపాయల లోన్‌కు 20 ఏళ్ల ఈఎంఐ 8.5 శాతం దగ్గర 868, 11 దగ్గర 1,032. మీ 36 లక్షలకు 37,152 అవుతుంది. మీ దగ్గర మిగిలేది 31,000. 'ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగిస్తారులే' అంటారేమో. 36 లక్షలకు 11 శాతం చొప్పున ఒక్క నెల వడ్డీయే 33,000. మీరు కట్టే 31,248 ఆ వడ్డీకే చాలదు, అసలు పెరుగుతూ పోతుంది. గడువు పొడిగించినా అలా జరగకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో బ్యాంకులకు చెప్పింది. అంటే చివరికి ఈఎంఐ పెంచుకోవాలి, లేదంటే ఒకేసారి కొంత అసలు కట్టాలి.

అందుకని ఇలా వేద్దాం. మిగిలే 31,000లో ఫ్లాట్ మెయింటెనెన్స్‌కు 2,000, ఆ విడి డబ్బు మళ్లీ నింపుకోవడానికి 2,000 తీసేద్దాం. మెయింటెనెన్స్ అంకె నా అంచనా, మీ అపార్ట్‌మెంట్‌లో అడిగి మార్చుకోండి. మిగిలిన లెక్క: లక్షల సంఖ్య × 1,032 ≤ 27,000. జవాబు 26 లక్షలు. 8.5 శాతం దగ్గర దాని ఈఎంఐ 22,568. 11కు చేరితే 26,832. ఆ సమయంలోనే ఇంటి ఖర్చు 43,000 అయితే, మెయింటెనెన్స్ కూడా కలిపి ఆ నెల 4,832 తక్కువ పడుతుంది. అది విడి డబ్బులోంచి తీయొచ్చు, నిద్ర పాడవదు.

26 లక్షల లోన్‌తో 45 లక్షల ఫ్లాట్ రాదని నాకూ తెలుసు. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా చేతి నుంచే పెట్టుకోవాలి. అందుకే పది నెలలు ఆగమంటున్నాను. చిట్టీ అయిపోతే నెలకు 5,000 ఖాళీ అవుతుంది, అదే లెక్కలో కుడివైపు 32,000 వస్తుంది, లోన్ 31 లక్షల దాకా పోవచ్చు. కమీషన్ పోను చిట్టీ డబ్బు సుమారు 2.3 లక్షలు, ఈ పది నెలల మిగులు 3.1 లక్షలు కలిపితే మీ సొంత డబ్బు 17 లక్షలు దాటుతుంది. అందులో 2 లక్షలు ముట్టుకోకుండా, రిజిస్ట్రేషన్ ఖర్చు పోను 42 లక్షల దాకా ధర ఉన్న ఫ్లాట్ చూసుకోవచ్చు. బిల్డర్ 'ఈ ధర ఈ వారమే' అని తొందరపెట్టినా అడ్వాన్స్ ఇవ్వకండి.

జీతాలు పెరుగుతాయి కదా అని మీకు అనిపించవచ్చు. పెరిగాక ఆ డబ్బుతో అసలు కొంత కొంత కట్టేయండి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి లోన్‌ను ముందే తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. సంతకం చేసే ముందు మాత్రం వడ్డీ మారితే ఈఎంఐ పెరుగుతుందా, గడువు పెరుగుతుందా, ఎంచుకునేది ఎవరు అన్నది శాంక్షన్ లెటర్‌లో రాసి ఉందో లేదో చూసుకోండి.