సమాధానం: బయోడీజిల్ పోశాక ట్రాక్టర్ ఫిల్టర్ మూసుకుపోతోందా?

అన్నా, పాత ట్రాక్టర్‌లో డీజిల్‌కి 20 శాతం బయోడీజిల్ (నూనెలతో తయారుచేసే ఇంధనం) కలిపి పోశాక ఇంజన్ మిస్ కొడుతోందని, ఫిల్టర్ విప్పితే నల్లటి జిగురు కనిపించిందని రాశారు. టెన్షన్ పడకండి. ఏళ్ల తరబడి డీజిల్ వాడగా ట్యాంకు గోడలకు పేరుకున్న మడ్డిని బయోడీజిల్ కరిగించి కిందికి తెస్తుంది. చాలావరకు ఆ జిగురు అదే. ట్యాంకు అడుగు నీరు తీసేసి, ఫిల్టర్ మార్చండి. మళ్లీ మూసుకుపోతే ఇంకోసారి మార్చాలి, తర్వాత సర్దుకుంటుంది. పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడ్డాయేమో వేలితో నొక్కి చూడండి.

దీనికే బయోడీజిల్‌ను వదిలేయకండి. ఇందులో గంధకం దాదాపు ఉండదు, పొగ తగ్గుతుంది, ఇంధన పంపుకి జారుడు బాగుంటుంది. డీజిల్ కంటే ఎక్కువ వేడికి గానీ అంటుకోదు కాబట్టి నిల్వకూ భయం తక్కువ. శక్తి కొంచెం తక్కువే, ఆ కలుపులో మీకు పెద్దగా తెలియదు.

ఒక్క సందేహం: అమ్మినవాళ్లు నిజంగా బయోడీజిలే ఇచ్చారా? వాడేసిన వంటనూనెను వడకట్టి అంటగట్టేవాళ్లున్నారు. నూనెను మిథనాల్ అనే ఆల్కహాల్‌తో చర్య జరిపి, అందులో వచ్చే గ్లిజరిన్ తీసేస్తేనే అది బయోడీజిల్. ఐఎస్ 15607 (బయోడీజిల్‌కి మన దేశ నాణ్యతా ప్రమాణం) పరీక్ష రిపోర్ట్ అడగండి, చూపించకపోతే అక్కడ కొనకండి.