మెడ మీద పొడి మెరిసిందని ఉద్యోగం మానేస్తారా?

ప్రశ్న: మాది చిత్తూరు, బెంగళూరులో స్టాఫ్ నర్సుని. కేరళ వైపు నుంచి నిపా (ప్రాణాంతకమైన వైరస్ జబ్బు) కేసు వస్తే చూసుకునే టీమ్‌లో నా పేరు వేశారు. ట్రైనింగ్‌లో పీపీఈ సూట్ విప్పాక లైట్ వేసి చూస్తే నా మెడ మీద పొడి మెరిసింది. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. నాలుగేళ్ల పాప ఉంది. అత్తయ్య మానెయ్యమంటున్నారు, మా ఆయన అసలు మాట్లాడటమే లేదు.

జవాబు: ముందు ఆ పొడి సంగతి. క్రిముల బదులు సూట్ మీద దాన్ని పూసేదే తప్పు ఎక్కడ జరిగిందో కనపడాలని. సూట్ వేసుకునేటప్పటి కంటే విప్పేటప్పుడే చాలామంది పొరపాటు పడతారు, ఎందుకంటే అప్పటికి ఒళ్లంతా చెమట, కళ్లద్దాలకు ఆవిరి, ఎప్పుడెప్పుడు ఊడదీసి పడేద్దామా అని ఉంటుంది. అందుకే ఎదురుగా ఒక మనిషి నిలబడి ఏది ముందు ఏది తర్వాత అని చదివి చెప్పేది, మధ్యమధ్యలో చేతులు శుభ్రం చేయించేది. ఇన్‌చార్జ్ సిస్టర్‌ని అడిగి, మెడ దగ్గర తప్పిన ఆ ఒక్క చోటే ఇంకో పదిసార్లు చెయ్యండి. డ్యూటీ చివర్లో, అలసిపోయి ఉన్నప్పుడు చెయ్యండి.

మీ ఇంట్లోవాళ్లకు 2018 గుర్తుండే ఉంటుంది. కోళికోడ్ జిల్లా పేరాంబ్రలో లినీ అనే నర్సు నిపాతో చనిపోయింది, ఇద్దరు పసిపిల్లల తల్లి. ఆమె రోగిని చూసుకున్నప్పుడు అది నిపా అని ఎవరికీ తెలియదు. మీరు తెలిసి, సూట్ వేసుకుని వెళ్తారు. ఈ తేడా మీ ఆయనకు చెప్పండి, అంతేగానీ ప్రమాదమే లేదని మాత్రం అనకండి, ఆయన నమ్మరు, నేనూ నమ్మను.

ఆస్పత్రివాళ్లను అడగాల్సినవి వేరే ఉన్నాయి: సూట్‌లో ఒక్కసారికి ఎన్ని గంటలుంచుతారు, అది చిరిగితే ఎవరికి చెప్పాలి, ఉండటానికి గది ఇస్తారా, 21 రోజులు పరిశీలనలో ఉండమంటే జీతం కోస్తారా. నోటిమాట కాదు, కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం పట్టుకుని ఇంట్లో కూర్చోండి, అత్తయ్యగారిని కూడా పిలిచి. ఆ మూడు వారాలు పాప బాధ్యత పడేది ఆవిడ మీదే కదా, మరి ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? ఆవిడ గొడవ అదేనేమో అని నా అనుమానం.

నిద్ర ఇలాగే పట్టకపోతే మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంత చేసినా చేతులు వణుకుతుంటే పేరు తీసెయ్యమని అడగండి, అందులో సిగ్గేం లేదు. కేసు వచ్చిన రోజు కాదు, ఇప్పుడే అడగండి, మీ బదులు ఇంకొకరికి నేర్పడానికి వాళ్లకీ టైమ్ ఉండాలి.