సర్వర్‌కి కొత్త రెపో కలిపే ముందు

చిరంజీవి సాయికి,

ఆశీస్సులు. పలాస జీడిపప్పు ఆఫీసులో సర్వర్ బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది, సంతోషం. నువ్వు పంపిన ఫొటో చూశాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త పీహెచ్‌పీ (ఆ సాఫ్ట్‌వేర్ నడవడానికి కావాల్సిన ప్రోగ్రామింగ్ భాష) కావాలన్నారు, నెట్‌లో నాలుగు కమాండ్లు దొరికాయి, పేస్ట్ చేసేయనా అని అడిగావు. చేస్తే పనవుతుంది కూడా. అయితే అందులో మొదటిది బయటివాళ్ల రెపోజిటరీని, అంటే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు దొరికే గిడ్డంగిని, మీ సర్వర్‌కి కలుపుతుంది. అదేంటో తెలుసుకున్నాక మిగతా మూడూ కొట్టు.

రెపోల నుంచి ప్యాకేజీలు తెచ్చి ఎక్కించే కమాండు పేరు ఆప్ట్. ఆప్ట్ అప్‌డేట్ కొడితే ఏ ప్యాకేజీ మారదు. ఏ రెపోలో ఏ వెర్షన్ ఉందో చెప్పే జాబితాలు దిగుతాయి, అంతే. అప్‌గ్రేడ్ కొట్టినప్పుడే ఆ జాబితాలు చూసి ప్యాకేజీలు మారుస్తుంది. ఏ రెపోలను అడగాలో ఈటీసీ కింద ఆప్ట్ ఫోల్డర్‌లో ఉంటుంది. మీ సర్వర్‌లో ఉన్న లినక్స్ ఉబుంటు 22.04 కదా, అందులో సోర్సెస్ డాట్ లిస్ట్ అనే ఫైలు, దాని పక్కనే అదే పేరు చివర డాట్ డి ఉన్న ఫోల్డరు. ముందు ఆ రెండూ తెరిచి చదువు. నీకంటే ముందు పనిచేసినవాళ్లు ఏమేం తగిలించి వెళ్లారో అక్కడే బయటపడుతుంది.

వాటిలో మెయిన్, యూనివర్స్ అనే మాటలు కనిపిస్తాయి. మెయిన్‌లోవాటికి ప్యాచ్‌లు (లోపాల సవరణలు) ఉబుంటు తయారుచేసే కెనానికల్ కంపెనీయే ఇస్తుంది, 22.04కి 2027 వరకు. యూనివర్స్ ఎక్కువగా వాలంటీర్ల చేతిలో ఉంటుంది.

రెపో జాబితా మీద దాని యజమాని సంతకం ఉంటుంది, జాబితాలో ప్రతి ప్యాకేజీకీ హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి ఒక గుర్తు, ఉంటుంది. అందుకే మిర్రర్ (రెపో నకలు ఉన్న సర్వర్) అడ్రసు భద్రత లేని హెచ్‌టీటీపీతో మొదలైనా టెన్షన్ పడకు. దారిలో ఎవరైనా ఒక్క బైటు మార్చినా ఆప్ట్ ఒప్పుకోదు. కానీ డబ్బా మీద సీలు చూస్తే జీడిపప్పు ఏ ఫ్యాక్టరీదో తెలుస్తుంది గానీ లోపలి పప్పు పుచ్చిందో లేదో తెలీదు కదా, ఈ సంతకమూ అంతే. పంపింది ఎవరో చెబుతుంది. పంపినవాడు ఎలాంటివాడో నువ్వే కనుక్కోవాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ప్యాకేజీ లోపల ఇన్‌స్టాల్ సమయంలో నడిచే స్క్రిప్టులుంటాయి, అవి రూట్ హక్కులతో, అంటే సర్వర్‌లో ఏదైనా చేయగల హక్కులతో, నడుస్తాయి. రెపో కలిపావంటే ఈరోజు తెచ్చుకునే పీహెచ్‌పీతో ఆగదు. రేపు ఆ యజమాని ఏం పెట్టినా నీ అప్‌గ్రేడ్‌తో పాటు లోపలికి వచ్చేస్తుంది. పీపీఏలనైతే (ఎవరికి వారు సొంతంగా నడిపే రెపోలు) లాంచ్‌ప్యాడ్ అనే సైట్‌లో ఖాతా ఉన్న ఎవరైనా తెరవచ్చు, వాటిని ఉబుంటు వాళ్లు తనిఖీ చేయరు. పీహెచ్‌పీకి బాగా పేరున్న పీపీఏ నడిపేది ఉబుంటుకు మూలమైన డెబియన్‌లో పీహెచ్‌పీ ప్యాకేజీలు చూసే మనిషే, దాన్ని నేనూ నమ్ముతాను. నువ్వు ఫొటో తీసిన పేజీలో ఉన్నది అదేనా, పేరు కలిసిన వేరేదా? అక్షరం అక్షరం సరిచూసుకో.

ఇంకో చిక్కు. రెపోలన్నిటికీ ఆప్ట్ మామూలుగా ఒకటే ప్రాధాన్యం ఇస్తుంది, 500. రెండు చోట్లా ఒకే పేరుతో ప్యాకేజీ ఉంటే పెద్ద వెర్షన్ నంబరున్నదే గెలుస్తుంది. పీహెచ్‌పీ కోసం కలిపిన రెపోలో వేరే లైబ్రరీలు కూడా ఉంటే, నువ్వు అడక్కుండానే అవీ మారిపోతాయి. ఆప్ట్ పాలసీ అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరిస్తే ఏది ఎక్కడినుంచి వస్తుందో చూపిస్తుంది. బయటి రెపో ప్రాధాన్యం ఆ ఆప్ట్ ఫోల్డర్‌లోనే ఉండే ప్రిఫరెన్సెస్‌లో తగ్గించి, కావాల్సిన ప్యాకేజీలకు మాత్రం 500 ఇవ్వు.

రెపో సంతకాన్ని సరిచూసే కీ విషయంలో పాత పద్ధతి ఆప్ట్-కీ జోలికి పోకు. అలా పెట్టిన కీని ఆప్ట్ అన్ని రెపోలకూ ఒప్పుకుంటుంది. కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, సైన్డ్-బై అని ఆ ఒక్క రెపోకే ముడిపెట్టు. కీ లేదని ఎర్రర్ వస్తే ట్రస్టెడ్ ఈక్వల్స్ ఎస్ అని రాసేయమని ఎవడో ఒకడు సలహా ఇస్తాడు. వాడి మాట వినకు, అది సంతకం చూడకుండానే రెపోని ఒప్పుకోమనడం. హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ అని వస్తే మాత్రం చాలాసార్లు మిర్రర్ సగంలో అప్‌డేట్ అవుతూ ఉండటమే కారణం, కాసేపాగి మళ్లీ కొట్టు.

ఆడిటర్లు వచ్చి మీ వెబ్ సర్వర్ ప్రోగ్రాం ఎంజిన్‌ఎక్స్ 1.18 పాతది అంటే కంగారుపడి ఇంకో రెపో కలపకు. ఉబుంటు వాళ్లు అసలు నంబరు అలాగే ఉంచి భద్రతా ప్యాచ్‌లు దానికే అతికిస్తారు. ఆప్ట్ చేంజ్‌లాగ్ కొట్టి ఏ లోపం ఎప్పుడు సరిచేశారో వాళ్లకే చూపించు.

యూపీఎస్ లేకుండా అప్‌గ్రేడ్ మొదలుపెట్టకు. మీ వైపు కరెంటు సంగతి, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటిన సంగతి నీకు చెప్పక్కర్లేదు. మధ్యలో ఆగిపోతే డీపీకేజీ అనే కమాండుకి రెండు మైనస్‌లతో కాన్ఫిగర్, పక్కన మైనస్ ఏ ఇస్తే చాలావరకు కోలుకుంటుంది.

ఇంతకీ ఆ బిల్లింగ్ వాళ్లకు ఏ వెర్షన్ కావాలో నువ్వు రాయలేదు. మీ 22.04లో పీహెచ్‌పీ 8.1 ఉంది, 24.04లో 8.3 వస్తుంది. 8.3 చాలంటే బయటి రెపోనే అక్కర్లేదు, బ్యాకప్ తీసుకుని 24.04కి వెళ్లిపోవచ్చు. వాళ్ల జవాబు వాట్సాప్‌లో రాయించుకుని నాకు పంపు. ఆదివారం ఇంట్లోనే ఉంటాను.

మావయ్య,
శ్రీకాకుళం