అరకు లోయ చుట్టి వస్తానన్న మేనకోడలికి

బిడ్డా,

మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. డిసెంబరు మొదటి వారంలో నువ్వూ నీ దోస్తూ అరకు వెళ్లి, లోయలో ఊళ్ల మీదుగా 12 కిలోమీటర్లు చుట్టి, బయల్దేరిన చోటికే మళ్లీ వస్తారట. అందరూ కారు దిగకుండా లోయ చూసొస్తుంటే నువ్వు కాళ్లతో చూస్తానన్నావు, కడుపు నిండింది. ఆ వెంటనే మిగతా ప్లాను కూడా చెప్పింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున విశాఖలో దిగడం, కిరండోల్ బండెక్కడం, అరకు చేరి అన్నం తినేసి 1 గంటకు నడక మొదలుపెట్టడం. ఎవరమ్మా నీకీ లెక్క చెప్పింది?

లెక్క ఇలా వెయ్యాలి. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. స్కాట్లండ్‌లో నైస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన సూత్రం, నడిచేవాళ్లు ఇప్పటికీ వాడతారు. మీ అమ్మ పంపిన మ్యాపులో మీ చుట్టు ఎక్కుడు మొత్తం 350 మీటర్లుంది. గోల్కొండలో కింది నుంచి కోట పైనున్న బాలాహిసార్ దాకా సుమారు 3 సార్లు ఎక్కినంత. సూత్రం ప్రకారం 3 గంటలు. అయితే ఆ 3 గంటల్లో కూర్చోవడం లేదు, తినడం లేదు, ఫోటోలు లేవు. కొత్తవాళ్లు దాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకుని తిండికి 45 నిమిషాలు కలపాలి. ఐదుంబావు గంటలయింది. 1 గంటకు బయల్దేరితే 6:15కి వస్తారు.

అప్పటికి అక్కడ చీకటి. ఇక్కడ హైదరాబాద్ తార్నాకలో 5:40కి పొద్దు గూకితే అరకులో 5:20కే గూకుతుంది. అరకు మనకు 4 డిగ్రీలకు పైగా తూర్పున ఉంది, డిగ్రీకి 4 నిమిషాలు. చేతి గడియారం ఒకటే, పొద్దు ఒకటి కాదు. పైగా చుట్టూ గాలికొండ, రక్తకొండ, సుంకరిమెట్ట, చిటమోగొంది. పొద్దు పడమటి కొండ అంచు తాకగానే లోయలో నీడ పరుచుకుంటుంది, అస్తమయానికి ఇంకా టైమున్నా సరే. అందుకని చేరిన రోజు ఊళ్లో తిరగండి, పడుకోండి. నడక మర్నాడు పొద్దున 8కి. అంతకన్నా ముందు వద్దు, పొగమంచులో మలుపులు కనబడవు. 8కి బయల్దేరితే 1:15కి తిరిగొస్తారు, ఎక్కడైనా తప్పు జరిగినా 4 గంటల వెలుగు చేతిలో ఉంటుంది.

ఇంత ఎందుకు సతాయిస్తున్నానంటే, ఆలస్యమైనవాళ్లే అడ్డదారి పడతారు. చుట్టు నడకలో పాత తప్పు ఇది. పోయే దారి, వచ్చే దారి వాగుకు చెరో పక్క ఉంటాయి. మ్యాపులో రెండింటి మధ్య వేలెడు ఖాళీ. సగం తిరిగాక కాళ్లు పీకుతాయి, టైము చూస్తారు, "ఇట్ల దిగి అట్ల ఎక్కితే 600 మీటర్లే, గంట కలిసొస్తది" అంటారు. ఆ వేలెడు ఖాళీలో ఏముందో ఎత్తు గీతలున్న మ్యాపు చూస్తే తెలుస్తుంది. 20 మీటర్ల ఎత్తుకో గీత అనుకో, 6 గీతలు దిగి 6 గీతలు ఎక్కాలంటే 120 మీటర్లు దిగి మళ్లీ అంతా ఎక్కాలి. ఇంకో గోల్కొండ, అదీ మెట్లు లేకుండా. గీతలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నచోట బండ నిటారుగా ఉందని అర్థం. ఉపగ్రహ ఫోటో చూసి వాగు ఎండిందనుకోకు, ఆ ఫోటో ఏ ఎండాకాలంలో తీసిందో.

కాఫీ తోటలోంచి దిగితే మొదట బాగానే ఉంటుంది. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, మధ్యలో చక్కటి కాలిబాట. ఆ బాట ఊరికి పోయేది కాదు, కాయ కోసేవాళ్లు వరస చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేది. వరసతోపాటు ఆగిపోతుంది. పక్కది పట్టుకుంటారు, అదీ ఆగుతుంది. నాలుగు మలుపులు తిరిగాక ఎటు నుంచి వచ్చారో గుర్తుండదు. అన్ని వరసలూ ఒక్కలాగే ఉంటాయి, ఆ నీడలో కొండ కనబడదు. అప్పుడొచ్చే ఆలోచన అన్నిటికన్నా చెడ్డది: "నీళ్లు కిందికే పోతయి, వాగు వెంబడి దిగుదాం." కిందికే పోతాయి, కానీ దూకుతూ పోతాయి. పాచి పట్టిన బండ మీద కూర్చుని ఒకటి జారి దిగుతారు, రెండోది దిగుతారు, మూడోది ఇల్లెత్తు ఉంటుంది. వెనక్కి తిరిగితే, జారి దిగిన బండ ఎక్కరాదు.

ఇది ఎవరు చేశారో మీ నాయన్ను అడుగు. ఎడమ మోకాలి మీద మచ్చ క్రికెట్‌లో తగిలిందని మీ అందరికీ చెప్పాడు కదా.

కాబట్టి అనుమానం వచ్చినచోటే ఆగు. "ఇదే దారి" అని ఖాయంగా తెలిసిన చివరి గుర్తు దాకా, కల్వర్టో గుడో, వెనక్కి నడువు. 10 నిమిషాలు పోతే పోనీ. సగం దారి ఎక్కడ అవుతుందో ముందే మ్యాపులో చుక్క పెట్టుకో. 11:30కి ఆ చుక్క దాటకపోతే చుట్టు మానేసి వచ్చిన దారినే తిరిగిరా. తెలియని కాలిబాట ముందు పెట్టుకో, తారు రోడ్డు ఆఖరుకు ఉంచుకో. అలిసిన కాళ్లకు తారు రోడ్డు చాలు.

నీళ్లు మనిషికి 3 లీటర్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం, దాని మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్ని నీళ్లలోనే కలపాలి. పగటి నడకే అయినా టార్చి ఉండాలి. మ్యాపు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. సిగ్నల్ వెతుక్కుంటూ బ్యాటరీ అయిపోతుంది, జీపీఎస్‌కు ఫోన్ టవర్ సిగ్నల్ అక్కర్లేదు. విజిల్ నేనే పంపిస్తున్నా. ఆపదైతే నిమిషంలో 6 సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. కొత్త బూట్లు మూడు వారాలు ఇక్కడే తొడిగి తిరుగు. గోల్కొండకు వెళ్లినప్పుడు ఎక్కడం కన్నా దిగడం మీద ధ్యాస పెట్టు, మర్నాడు తొడలు పట్టేసేది దిగడం వల్లే.

ఊళ్లల్లో "ఎంత దూరం?" అని అడగకు, "ఇక్కడే" అంటారు. వాళ్లకు ఇక్కడే. "వాగు దాటాలా? నీళ్లు ఎంత లోతు?" అని అడుగు, సరైన జవాబొస్తుంది. వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటాయి. అవి నూనె గింజల పంట, పూలతోట కాదు. గట్టు మీదే నిలబడి ఫోటో దిగు, రైతు డబ్బులడిగితే బేరం ఆడకు.

పోయే దారి, తిరిగొచ్చే టైము కాగితం మీద రాసి లాడ్జి మేనేజరుకు ఇవ్వు, ఇంకోటి నాకు పంపు. మధ్యాహ్నం 3 దాకా ఫోన్ రాకపోతే లాడ్జికి చేస్తా, 4కి మీ నాయనకు చేస్తా. నీ దోస్తు ముందు సిగ్గనిపిస్తే అనిపించనీ.

నీ మేనత్త

తా.క. కాలి గోళ్లు ముందురోజు కాదు, నాలుగు రోజుల ముందే తీసుకో. దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుంటుంది.