పాత రౌటర్లు పనికొస్తాయి, కానీ ముందు కేబుల్ వేయించండి

వెనక గదులకు వైఫై అందట్లేదు, మూడు పాత రౌటర్లు పడి ఉన్నాయి, వాటితో సర్దుకోవాలా, కొత్తవి కొనాలా అని కదా మీ ప్రశ్న. నేను రెండూ చేసినవాణ్ణే.

మాది విజయవాడలో చిన్న ట్యాక్స్ ఆఫీసు. వెనక గదికీ రౌటర్‌కీ మధ్య తొమ్మిది అంగుళాల గోడ, దానికి ఆనించి ఫైళ్లున్న ఇనప బీరువాలు. 20వ తేదీన జీఎస్టీఆర్-3బీ (నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్) వేసే హడావిడిలో వెనక గదివాళ్లు లాప్‌టాప్‌లు పట్టుకుని ముందు గదికి పరుగెత్తేవారు.

మొదట పాత రౌటర్‌ను రిపీటర్‌గా, అంటే మెయిన్ రౌటర్ వైఫైని అందుకుని మళ్లీ పంచేలా పెట్టాం. అదీ వెనక గదిలోనే! సిగ్నలే అందని చోట అది మాత్రం ఏం పంచుతుంది? పైగా ఒకే రేడియోతో ఇటు తీసుకుని అటు పంపాలి కాబట్టి స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండేవి, పేజీ మాత్రం తెరుచుకునేది కాదు.

తర్వాత కేబుల్ లాగించాం. దాన్ని పాత రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి నుంచి నెట్ వచ్చే పోర్టు) గుచ్చాను. నెట్ వచ్చింది, కానీ వెనక గది వేరే నెట్‌వర్క్ అయి కూర్చుంది. ప్రింటర్ వెతికితే దొరకదు. డ్రైవర్ తప్పేమోనని ఒక పూటంతా దాంతోనే కుస్తీ పట్టాను.

చేయాల్సింది ఇంతే. పాత రౌటర్‌ను రీసెట్ చేసి, మెయిన్ రౌటర్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇచ్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే సెట్టింగ్) ఆపేయండి. కేబుల్ రెండువైపులా ల్యాన్ పోర్టుల్లోనే (కంప్యూటర్లు కలిపే పోర్టులు) పెట్టాలి. రెండు రౌటర్లలోనూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ మాత్రం ఒకదానికి 1, ఇంకోదానికి 6 లేదా 11 ఇవ్వండి.

ఇలా రెండేళ్లు హాయిగా గడిచాయి. నెట్ ప్లాన్ 200 ఎంబీపీఎస్‌కు మార్చాక చిక్కొచ్చింది. పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, వెనక గదిలో 90 దాటేది కాదు. అంతకన్నా నన్ను భయపెట్టింది సెక్యూరిటీ. 2017లో వైఫైకి తాళంలాంటి డబ్ల్యూపీఏ2 అనే భద్రతా పద్ధతిలో క్రాక్ అనే లోపం బయటపడింది, మా పాత రౌటర్‌కు దానికి అప్‌డేట్ రానేలేదు. క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలు ఉండే చోట అది వద్దనిపించి, సీలింగ్‌కు బిగించే వైఫై 6 యాక్సెస్ పాయింట్లు (కేబుల్లో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టెలు) రెండు కొన్నాం. కొత్త కేబుల్ అక్కర్లేకపోయింది, వాటికి కావాల్సిన కరెంటు కూడా ఆ పాత కేబుల్లోనే వెళ్తోంది.

కాబట్టి మీ ప్లాన్ 100 లోపు ఉండి, రౌటర్‌కు ఇంకా అప్‌డేట్లు వస్తుంటే దాన్ని వాడేయండి. డబ్ల్యూపీఏ2 కూడా లేని రకమైతే పాత సామాన్లవాడికి ఇచ్చేయండి. కేబుల్ క్యాట్6, అచ్చమైన రాగిదే అడగండి. అల్యూమినియంకు రాగి పూత వేసినది చవగ్గా అంటగడతారు, రేపు దాని మీద కరెంటు పంపితే వేడెక్కుతుంది.