ఒకే కుండలో అన్నం, మూడు రకాల నీరసం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 27, విశాఖ ఎంవీపీ కాలనీలో హాస్టల్, రుషికొండలో ఉద్యోగం, శాకాహారం. మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి, రెండో అంతస్తు ఎక్కితే ఆయాసం వస్తోంది. రూమ్మేట్ బీట్‌రూట్ జ్యూస్ తాగమంది, మందుల షాపతను మల్టీవిటమిన్ ఇచ్చాడు, నెలైనా తేడా లేదు. అసలు ఏం తింటే ఓపిక వస్తుంది అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. గాజువాకలో ఒక ఆఫీసులో అకౌంట్స్ రాస్తాను. కానీ ఒక ఏడాది మా ఇంట్లో ముగ్గురం నీరసం, నీరసం అంటూ తిరిగాం. ముగ్గురం తినేది ఒకే కుండలో అన్నం. తీరా చూస్తే ఎవరి కారణం వారిదే. అందుకే ఏం తినాలన్నది తర్వాత, మీలో ఏది తగ్గిందన్నది ముందు అంటాను.

నా సంగతి చెప్తాను. కరోనా వల్ల రెండేళ్ళు ఆగిన సింహాచలం గిరి ప్రదక్షిణ 2022లో మళ్ళీ జరిగింది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, అంతకు ముందు నాలుగుసార్లు పూర్తి చేసినదాన్నే. ఆ ఏడు కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, హనుమంతవాక చేరేసరికి గుండె దడదడలాడి రోడ్డు పక్కన కూలబడ్డాను. అరవై దాటిన ఒకావిడ చెప్పుల్లేకుండా నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. నేను ఆటో ఎక్కి ఇంటికొచ్చాను.

నలభై దగ్గర పడ్డాయి, పైగా విశాఖ ఉక్కపోత, అంతే అనుకున్నాను. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకున్నాను. అందులో విటమిన్ ఇంజెక్షన్ కలిపితే సీసా పసుపు రంగుకి తిరుగుతుంది, చూడగానే సగం ఓపిక వచ్చినట్టుంటుంది! తర్వాత ఆ సీసా మీద రాసింది చదివాను. 5 శాతం డెక్స్‌ట్రోజ్, 500 మి.లీ. అంటే 25 గ్రాముల గ్లూకోజ్, ఐదారు చెంచాల పంచదార. అంతకి సూది పొడిపించుకుని, రెండు గంటలు పడుకుని, ఐదొందలు ఇచ్చి వచ్చాను. రెండ్రోజులు బాగున్నట్టే ఉంది, మూడో రోజు మామూలే.

ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుపడేదాన్ని. దానికి ఆరు నెలల ముందు నుంచే పచ్చి బియ్యం బొక్కుతున్నాను. అన్నం వండబోతూ ఒక గుప్పెడు, సాయంత్రం ఇంకో గుప్పెడు. 'బియ్యం తింటే పెళ్ళికి వాన పడుతుందే' అని చిన్నప్పుడు అమ్మమ్మ తిట్టేది. పెళ్ళయి పదిహేనేళ్ళయింది కదా, ఇక భయమేముంది అనుకుని తినేదాన్ని. బియ్యం, మట్టి, సుద్ద, ఐస్ ముక్కలు ఇలా తినాలనిపించడం ఐరన్ బాగా తగ్గినవాళ్ళలో కనిపించే లక్షణమని నాకు తెలియదు. చివరికి వెళ్ళిన ఫిజీషియన్ నా గోళ్ళు, కంటి రెప్పల లోపలి భాగం చూసి మొదట అడిగింది బియ్యం, మట్టి లాంటివి తింటారా అనే. మీకూ అలాంటిది ఏదైనా ఉంటే డాక్టరుకి చెప్పండి, నవ్వరు.

రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. ఎంసీవీ, అంటే ఎర్ర రక్తకణాల సైజు, 68, అది 80 దాటాలి. ఫెరిటిన్ 6. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ. హిమోగ్లోబిన్ చేతిలో డబ్బులైతే ఫెరిటిన్ బ్యాంకులో ఉన్నది. చేతి డబ్బులు తగ్గకముందే బ్యాంకు ఖాళీ అవుతుంది. కొందరికి హిమోగ్లోబిన్ 12 పైనే ఉన్నా నీరసంగా ఉండటానికి ఒక కారణం ఇదే.

ఇంట్లో పప్పూ ఆకుకూరా తింటూనే ఉన్నాను కదా, ఐరన్ ఎక్కడికి పోయింది? నాకు నెలసరి ఎనిమిది రోజులు ఉండేది, గడ్డలు కూడా పడేవి. అందరికీ ఇంతే కాబోలు అనుకున్నాను. స్కానింగులో గర్భసంచిలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ కనబడింది. దానికి వేరే వైద్యం జరిగింది. లెక్కల మనిషిని కదా, ఈ లెక్క నాకు బాగా ఎక్కింది: ఒక మిల్లీలీటరు రక్తంతో పాటు దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ పోతుంది. నెలకి 80 మి.లీ. పోతే 40 మి.గ్రా. పోయినట్టు. తిండి ద్వారా మామూలుగా రోజుకు ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఆడవాళ్ళు రోజుకు 29 మి.గ్రా. తినాలని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2020లో చెప్పింది, ఎందుకంటే మన పప్పూ అన్నం భోజనంలో ఉన్నదాంట్లో చాలావరకు ఒంటికి పట్టకుండానే పోతుంది. కాబట్టి ఫెరిటిన్ 6 ఉన్న మనిషి తిండితో పూడ్చుకుందాం అనుకుంటే ఏళ్ళు పడుతుంది. లోటు పూడ్చడానికి మాత్ర, పూడాక నిలబెట్టుకోవడానికి తిండి.

బీట్‌రూట్ సంగతి. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని నమ్ముతాం. అందులో ఐరన్ వంద గ్రాములకి ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. తాగండి, తప్పులేదు, కానీ మందు అనుకోకండి.

నా తిండిలో అసలు దొంగ టీ. పొద్దున టిఫిన్‌తో పాటు ఒకటి, ఆఫీసులో రెండు, భోజనం అవగానే ఒకటి. టీలో ఉండే టానిన్లు ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఐరన్‌ని పట్టుకుని లోపలికి పోనివ్వవు. నేను టీ మానలేదు, మానలేను కూడా. తిన్న గంటకో గంటన్నరకో జరిపాను. దానికి తోడు పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, భోజనం తర్వాత జామకాయ. సి విటమిన్ ఉంటే అదే ఐరన్ ఎక్కువగా పడుతుంది. పెద్ద ఖర్చేమీ లేదు, వేళలు మార్చానంతే.

మాత్ర మొదట రోజూ వేసుకుంటే కడుపులో తిప్పింది, మలబద్ధకం. డాక్టరు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, అలాగైనా బాగానే పడుతుందట. విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. హిమోగ్లోబిన్ రెండు నెలలకి 10.9, ఐదో నెలకి 12.3. కానీ బియ్యం మీద యావ మాత్రం మూడు వారాల్లోనే పోయింది, నాకే ఆశ్చర్యం వేసింది. హిమోగ్లోబిన్ సరిపోగానే మాత్ర ఆపెయ్యాలనిపిస్తుంది. ఆపకండి, నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు కావాలి.

ఇక మా అత్తగారు. పదకొండేళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. చేపలూ గుడ్లూ మానేసి చాలా కాలమైంది. కాళ్ళు తిమ్మిర్లు, నడిస్తే తూలడం, మాట మరుపు, ఎప్పుడూ పడకే. "షుగర్ మనిషి కదమ్మా, వయసు కూడాను" అని చుట్టాలందరూ అన్నారు, నేనూ అన్నాను. నా రక్తపరీక్షల పుణ్యమా అని ఆవిడకీ చేయిస్తే బి12 138. రెండొందల కంటే తక్కువ ఉంటే లోటు కిందే చూస్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గుతుంది. గ్యాస్ అని రోజూ పరగడుపున వేసుకునే మాత్రలు కూడా అంతే, మన ఊళ్ళో వాటిని పెప్పర్మెంట్ల లెక్కన మింగుతారు! ఆవిడకి ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. నడక కుదుటపడింది, తిమ్మిర్లు మాత్రం పూర్తిగా పోలేదు. నరాలు దెబ్బతిన్నాక ఆలస్యమైతే అలాగే ఉంటుందట.

ఇందులో ఒక తమాషా ఉంది. రేషన్ బియ్యంలో తెల్లగా, కాస్త తేడాగా కనిపించే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమంటూ అత్తగారు చేటలో పోసి ఏరి పారేసేవారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజల్లా చేసి, వందకి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలిపినవి. 2021 ఆగస్టు 15న ప్రకటించి, తర్వాత విడతలుగా రేషన్ అంతటికీ తెచ్చారు. అంటే ఐరన్ లేక నేను బియ్యం బొక్కుతుంటే, బి12 లేని ఆవిడ ఆ రెండూ ఉన్న గింజల్ని ఏరి చెత్తబుట్టలో వేస్తున్నారు. ఆ గింజలతోనే మా ఇద్దరికీ నయమయ్యేదని కాదు, కానీ తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మా ఆయనది చిన్న కథ. షిఫ్టు డ్యూటీలు. ఆయన పరీక్షలన్నీ చక్కగా వచ్చాయి, థైరాయిడ్, షుగర్ కూడా. నైట్ షిఫ్టు వారంలో పగలు నిద్ర నాలుగున్నర గంటలు, రాత్రి రెండింటికి కూరా అన్నం బాగా లాగించడం, మత్తు వదలడానికి తెల్లవారుజామున నాలుగింటికి ఎనర్జీ డ్రింకు. 250 మి.లీ. డబ్బాలో దాదాపు 75 మి.గ్రా. కెఫీన్, 25 గ్రాములకు పైగా పంచదార. కెఫీన్ సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుంది, ఇంటికొచ్చి పడుకుంటే నిద్రెలా పడుతుంది? డబ్బా మానేసి, డ్యూటీకి ముందే భోజనం చేసి, రాత్రికి ఉడికించిన శనగలో గుడ్లో పట్టుకెళ్తున్నారు. కిటికీకి మందపాటి దుప్పటి కట్టాను. ఆరు గంటలు పడుకుంటున్నారు. ఆయనకి ఏ విటమినూ తక్కువ కాలేదు.

మీ విషయానికొస్తే, మెట్లెక్కితే ఆయాసం అన్నారు కాబట్టి నాకు మొదట రక్తం మీదే అనుమానం. పైగా శాకాహారం, కాబట్టి బి12 కూడా. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, ఈ ఐదూ డాక్టరుతో రాయించుకోండి. ప్రైవేటులో ఖర్చనుకుంటే ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఓపీకి వెళ్ళండి, పొద్దున్నే వెళ్తే నయం. ఐరన్, బి12 రెండూ తగ్గితే ఐరన్ లోటు ఎంసీవీని తగ్గిస్తుంది, బి12 లోటు పెంచుతుంది, చివరికి అది నార్మల్‌గా కనిపించి మోసం చేస్తుంది. అందుకే సీబీసీ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. గుండె దడ ఎక్కువైనా, కళ్ళు తిరిగి పడినా, బరువు తగ్గుతున్నా పరీక్షల కోసం చూడకుండా వెంటనే వెళ్ళండి.

హాస్టల్ తిండి నేనూ తిన్నాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నం, నీళ్ళ సాంబారు, సాయంత్రం పునుగులు. మూడింటికి వచ్చే ఆ మత్తులో కొంత దీని వాటా. ఉత్త అన్నం కుప్పగా తింటే నిద్ర ముంచుకొస్తుంది. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, పెరుగు పెంచండి. టిఫిన్‌కి దొరికిన రోజు ఇడ్లీ బదులు పెసరట్టు. బీచ్ రోడ్డులో పొద్దున నడిచేవాళ్ళ కోసం చోడి (రాగి) అంబలి అమ్ముతారు, గ్లాసు తాగండి. చోళ్ళలో కాల్షియం వంద గ్రాములకి 340 మి.గ్రా. పైనే, ఐరన్ కూడా తెల్లబియ్యం కంటే చాలా ఎక్కువ. రైతు బజారు మీకు దగ్గరే కదా, జామకాయలు, నిమ్మకాయలు తెచ్చిపెట్టుకోండి. వేయించిన శనగలు బ్యాగులో ఉంచుకోండి. గుడ్డు తినడానికి మనసొప్పితే తినండి, లేదంటే పాలూ పెరుగూ వదలొద్దు. చద్దన్నం, తరవాణి చలవే, నాకూ ఇష్టమే, కానీ బి12 లోటు వాటితో తీరుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మల్టీవిటమిన్ పారేయక్కర్లేదు, కానీ పరీక్షకి రక్తం ఇచ్చేదాకా ఆపడం మేలు. అందులో బి12 ఉంటే నంబరు కాస్త పెరిగి కనిపిస్తుంది. ల్యాబుకి వెళ్ళినప్పుడు ఫెరిటిన్ విడిగా అడగండి, సీబీసీలో అది రాదు. మొదటిసారి నేను అది తెలియక మళ్ళీ సూది పొడిపించుకున్నాను.